ఒకే ఫర్నిచర్‌కు దేశానికో ధర ఎందుకు?

ప్రశ్న వేసినవారు డాలస్ నుంచి హైదరాబాద్‌కు తిరిగి వెళ్ళిపోతున్నారట. ఒకే కంపెనీ ఒకే పేరుతో, ఒకే కొలతలతో అమ్మే పుస్తకాల బీరువాకు అమెరికాలో ఒక ధర, ఇండియాలో ఒకటి, జర్మనీలో ఇంకొకటి ఎందుకు ఉంటుందని అడిగారు. ఇక్కడి సామాను ఓడలో వేసుకుని వెళ్తే లాభమా అని కూడా అడిగారు. నేను కొన్నేళ్ళుగా ఇదే డాలస్ శివార్లలో ఉంటున్నాను. ఖమ్మంలో చేయించిన ఉయ్యాల బల్లను ఇక్కడిదాకా తెప్పించిన అనుభవం ఉంది కాబట్టి ఈ విషయంలో గట్టిగానే మాట్లాడగలను.

పన్నుల సంగతి ముందే ముగించేస్తాను, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతారు. జర్మనీలో ధర చీటీ మీద 19 శాతం పన్ను కలిపే రాస్తారు. స్వీడన్‌లో అది 25, హంగరీలో 27. అమెరికాలో చీటీ మీద పన్ను కనిపించదు. టెక్సస్‌లో డబ్బు కట్టేచోట 8.25 శాతం దాకా చేరుతుంది, ఒరెగాన్‌లో అసలు చేరదు. ఇండియాలో 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఫర్నిచర్ మీద 28 శాతం వేసి, ఆ నవంబరులోనే 18కి దించారు. బయట తయారైనదైతే దిగుమతి సుంకం అదనం. 2020 బడ్జెట్‌లో దాన్ని 20 నుంచి 25 శాతానికి పెంచారు. దాని మీద సర్‌ఛార్జి, ఆపైన జీఎస్టీ కలిపితే వంద రూపాయల వస్తువు రేవు దాటేసరికి నూట యాభై అయ్యేది. అమెరికాలో చెక్క ఫర్నిచర్ మీద 2025 దాకా చాలా ఏళ్ళు మామూలు సుంకం సున్నా. చైనా సరుకు మీద మాత్రం 2018లో 10 శాతం అదనంగా వేసి, 2019లో దాన్ని 25 శాతానికి పెంచారు. అందుకే ఇప్పుడు ఇక్కడి దుకాణంలో ఏ కుర్చీ తిరగేసి చూసినా వియత్నాం పేరు కనిపిస్తుంది.

ఇవన్నీ నిజమే. కానీ ఇవి కలిపినా తీసినా తేడా పూర్తిగా తేలదు. నా అభిప్రాయంలో ఫర్నిచర్ ధరను తేల్చేవి రెండే: ఆ వస్తువు మీ ఇంటికి చేరడానికి పట్టే చోటు ఎంత, అది కొనకపోతే ఆ ఊళ్ళో మీకు ఉన్న మరో దారి ఏమిటి. కలప వాటా మనం అనుకునే దానికంటే చాలా తక్కువ.

ఉయ్యాల సంగతి చెప్తాను. కొత్త ఇంట్లో ఉయ్యాల బల్ల ఉండి తీరాలని మా వదిన పట్టుబట్టింది. ఇక్కడ మనవాళ్ళు నడిపే దుకాణంలో అడిగితే ఖమ్మంలో చెప్పే ధరకు నాలుగింతలు చెప్పారు. వదిన అది దోపిడీ అంది. ఆ వేసవిలో నేను ఖమ్మం వెళ్తున్నాను. తెలిసిన మరికొన్ని కుటుంబాలు కూడా మాకూ ఒకటి, మాకూ ఒకటి అన్నాయి. అలా ఆ పని నా చేతికి వచ్చింది.

మా అమ్మానాన్నల ఇంటి తలుపులు చేసిన ఆచారిగారే నన్ను టింబర్ డిపోకు తీసుకెళ్ళారు. బల్లార్షా టేకు దుంగలను ఒక్కొక్కటిగా చేత్తో తట్టి, తడి గుడ్డతో తుడిచి చూపించారు. "పక్కనున్న తెల్ల చెక్క మనకొద్దమ్మా, పురుగు పడుతుంది. చేవ చూడండి, ఇదిగో ఈ రంగు" అన్నారు. డిపో యజమాని ఘనపుటడుగుకు చెప్పిన ధర విని నేను వెనక్కి తగ్గబోతే, ఆయనే నాకు బదులుగా బేరం చేశారు. తర్వాత వారాల తరబడి ఆయన, ఆయన కొడుకు ఆ రేకుల షెడ్డులోనే. చిత్రిక పడుతుంటే లేచే టేకు వాసన వీధి చివరికి వచ్చేది. బల్లలో ఎక్కడా మేకు లేదు, చెక్కలోకి చెక్క దిగి కూర్చుంది. అంచుల మీద తామరతీగ చెక్కారు. అది నేను అడగలేదు, డబ్బూ అడగలేదు. ఉయ్యాలంటే తీగ ఉండాలన్నారు, అంతే.

చివరికి ఒక శుభలేఖ వెనక లెక్క రాసిచ్చారు. కలప ఇంత, ఇత్తడి గొలుసులు ఇంత, పాలిష్ ఇంత, పని ఇంత. తండ్రీకొడుకులిద్దరి పనికీ వేసుకున్నది కలప ఖర్చులో మూడో వంతు కూడా లేదు.

ఆ తర్వాతి ఖర్చులు వినండి. పెట్టెలు కూడా తానే చేస్తానని ఆచారిగారు అన్నారు. కానీ విదేశానికి వెళ్ళే ప్యాకింగ్ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినట్టు అంతర్జాతీయ ముద్ర ఉండాలి, పురుగులు దేశాలు దాటకుండా. ఆ ముద్ర వేసే అధికారం ఉన్నవాళ్ళ దగ్గర పెట్టెలు కొన్నాం. అక్కడి నుంచి లారీలో సనత్‌నగర్ కంటైనర్ డిపోకు. ఓడ ఎక్కక ముందే అమెరికా భద్రతా పత్రం దాఖలు చేయాలి, దానికో రుసుము. కస్టమ్స్ ఏజెంటు ఇంకో పత్రం పంపాడు. అందులో చెట్టు శాస్త్రీయ నామం, ఆ చెట్టును ఏ దేశంలో నరికారో రాయాలి. అక్రమంగా కొట్టిన కలప రాకుండా అమెరికా తన లేసీ చట్టానికి 2008లో చేర్చిన నిబంధన అది. ఆచారిగారికి ఫోను చేస్తే "ఏ చెట్టని అడగడమేమిటమ్మా, టేకు కదా!" అన్నారు. టింబర్ డిపో రసీదు ఫోటో తెప్పించుకుని, టెక్టోనా గ్రాండిస్, ఇండియా అని నింపాను. ఆ చట్టం మంచిదే, ఉండాల్సిందే. కానీ ఒక్క బల్లకైనా వెయ్యి బల్లలకైనా ఆ కాగితం పని ఒక్కటే. పెద్ద కంపెనీ ఆ ఖర్చును వెయ్యి బల్లలకు పంచుతుంది. మేము కొన్ని ఉయ్యాలలకు పంచుకున్నాం.

హ్యూస్టన్ రేవులో పదిమంది సరుకు కలిసి వచ్చిన కంటైనర్‌ను విప్పడానికి గోదాము రుసుము, గోదాములో ఉన్న రోజులకు అద్దె, ఏజెంటు రుసుము, అక్కడి నుంచి డాలస్‌కు ట్రక్కు. అన్నీ కూడితే ఆచారిగారి దగ్గర పెట్టిన ప్రతి రూపాయికీ దారిలో రెండు రూపాయల పైన పోయింది. అందులో దిగుమతి సుంకం అప్పట్లో ఒక్క పైసా లేదు. దుకాణం వాళ్ళు నాలుగింతలు చెప్పడంలో దోపిడీ లేదని వదినకు ఈ కాగితాలే చూపించాను. వాళ్ళకు అద్దె ఉంది, దారిలో విరిగే సరుకు ఉంది, అమ్ముడుపోక ఏడాది నిలిచే సరుకూ ఉంది.

ఓడలో తూకం కంటే పట్టే చోటే ముఖ్యం. నలభై అడుగుల కంటైనర్‌లో సుమారు 67 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది. ముగ్గురు కూర్చునే సోఫాలు అందులో ముప్పై అయిదో నలభయ్యో పడతాయి. చైనా నుంచి అమెరికా పడమటి తీరానికి కంటైనర్ కిరాయి రెండు వేల డాలర్లు ఉన్న రోజుల్లో సోఫాకు యాభై డాలర్లు పడేది. 2021లో ఆ కిరాయి పదివేలు దాటింది. సోఫా అదే, గుడ్డ అదే, కలప అదే, రవాణా మాత్రం రెండు వందల యాభైకి పైగా. విడదీసి అట్టపెట్టెలో చదునుగా సర్దిన బీరువాలైతే అదే కంటైనర్‌లో వందల కొద్దీ పడతాయి. స్వీడన్ నుంచి లోకమంతా పాకిన ఫర్నిచర్ కంపెనీ ఐకియా బలమంతా అక్కడే ఉంది. వాళ్ళ బిల్లీ పుస్తకాల బీరువా 1979 నుంచి అమ్ముడవుతోంది. రూపం చాలా దేశాల్లో ఒకటే, ధర మాత్రం దేశానికొకటి.

ఇక ఆ మరో దారి సంగతి. ఐకియా 1998లో షాంఘైలో దుకాణం పెట్టినప్పుడు దాని సరుకు అక్కడివాళ్ళకు ఖరీదైనది, పక్క వీధిలో అంతకంటే చవక బల్లలు దొరికేవి. దాంతో తయారీని చైనాలోనే పెంచి, ఏటేటా ధరలు దించుతూ వచ్చారు. 2014 చివర దక్షిణ కొరియాలో మొదటి దుకాణం తెరిచేటప్పుడు, వేరే దేశాల కంటే తమ దగ్గర ధరలు ఎక్కువని అక్కడి జనం మండిపడ్డారు. హైదరాబాద్‌లో 2018 ఆగస్టు 9న తెరిచినప్పుడు 200 రూపాయల లోపు వస్తువులు వెయ్యి ఉన్నాయని చెప్పి మరీ తెరిచారు. గిన్నెలు, చెంచాలు, చిన్న స్టూళ్ళు. ఎందుకంటే హైదరాబాద్‌లో వాళ్ళ అసలు పోటీదారు ఇంకో కంపెనీ కాదు, అఘాపురాలోని దుకాణాలు, ఇంటికే వచ్చి ప్లైవుడ్ కోసి అల్మరా చేసిపెట్టే వడ్రంగులు.

డాలస్‌లో ఆ దారి లేదు. ఇక్కడ వడ్రంగికి గంటకు తక్కువలో తక్కువ పాతిక ముప్పై డాలర్లు ఇవ్వాలి. ఖమ్మంలో మంచి పనివాడికి రోజంతటికీ ఇచ్చేది అందులో సగమే. ఇక్కడ బల్ల చేయించుకోవడమంటే బాగా డబ్బున్నవాళ్ళ ముచ్చట. మిగిలిన అందరం ఫ్యాక్టరీ సరుకు కొనాల్సిందే, లేదా పక్కింటివాళ్ళు ఖాళీ చేస్తూ అమ్మే పాత సామాను కొనాలి. అందుకే అమెరికాలో ఫ్యాక్టరీ బల్ల చవక, చేతిపని ఖరీదు. మన దగ్గర సంపాదనతో పోలిస్తే ఫ్యాక్టరీ బల్లే ఖరీదు, చేతిపని చవక.

ఆ చవక నాకు నచ్చదు. నన్ను బాధించే విషయం చెప్పక తప్పదు. షోరూములో రంపపు పొట్టును జిగురుతో అదిమిన బోర్డు మంచానికి అడిగినంతా చీటీ చూసి కట్టేస్తాం. అది రెండు వానాకాలాల్లో నీరు తగిలి ఉబ్బితే బాగుచేసేవాడు ఉండడు. అదే ఆచారి కూలి దగ్గరికి వచ్చేసరికి "ఇంకో వెయ్యి తగ్గించు" అంటాం. ఫ్యాక్టరీ బల్లలో నమూనా గీసినవాడి జీతం, ప్రకటన ఖర్చు, షోరూము ఏసీ ఖర్చు అన్నీ కలిపే ఉంటాయి. ఆచారి లెక్కలో ఆయన ఆలోచించిన రోజు ఉండదు, డిపోలో దుంగలు తట్టిన రోజు ఉండదు, తామరతీగ ఉండదు. ఆచారిగారి చిన్న కొడుకు ఆ షెడ్డులోకి రాలేదు, హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోయాడు. ఆ కుర్రాణ్ణి ఏమని ఆపుతాం?

మీ సామాను సంగతికి వస్తే, సోఫాలు, అట్టపెట్టెలో వచ్చి మీరే బిగించుకున్న బీరువాలు ఇక్కడే అమ్మేయండి. నివాసం మార్చుకునేవారికి వాడిన సామాను మీద సుంకంలో రాయితీ ఉంటుంది గానీ, అది ఓడలో పట్టే చోటును తగ్గించదు. ఒకసారి విప్పి మళ్ళీ బిగించిన బోర్డులో స్క్రూలు నిలవవు. మంచం, పరుపు అసలే వద్దు. ఇక్కడి క్వీన్ పరుపు 60 అంగుళాల వెడల్పు, 80 పొడవు. అక్కడ ఎక్కువగా దొరికేది 78 పొడవు, దుప్పట్లు కూడా సరిపోవు. గట్టి ఓక్ లేదా వాల్‌నట్ భోజనాల బల్ల మీ దగ్గర ఉంటే, కాళ్ళు ఊడదీయగలిగితే, అదొక్కటి తీసుకెళ్ళండి.

మంచాలు అక్కడికి వెళ్ళాక చేయించుకోండి. డిపోకు ఆచారిని వెంట తీసుకెళ్ళండి, ఆ రోజుకు కూడా కూలి కట్టండి. కలప డబ్బు డిపోలో మీరే నేరుగా చెల్లించండి, పనికి ఆయన అడిగినంత ఇవ్వండి.