ఖాళీ బల్లల సంగతి

(కట్టడాలు, వీధులు, చెట్లపై పాఠకుల ప్రశ్నలకు తిరుపతిలో స్థిరపడిన ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు జవాబులు)

ప్రశ్న: అయ్యా, నేను తిరుపతిలో పీజీ చదువుతున్నాను. మా విశ్వవిద్యాలయంలో పరిపాలనా భవనం ముందున్న పెద్ద ఖాళీ స్థలంలో 20 గ్రానైటు బల్లలు వేశారు. వాటి మీద ఒక్కరైనా కూర్చోగా నేను చూడలేదు. అందరూ గేటు బయట టీ కొట్టు దగ్గర, బస్సులు ఒరుసుకుంటూ పోతున్నా, రోడ్డు వారనే నిలబడతారు. ఆ స్థలాన్ని బాగుచేస్తామంటూ అధికారులు మా సలహా అడిగారు. ఎక్కువమంది ఫౌంటెన్ కావాలంటున్నారు. మీరేమంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీది ఏ క్యాంపస్సో నాకు తెలియదు కానీ, అలాంటి బల్లలు ఉద్యోగంలో ఉండగా నేనూ వేయించాను. నల్ల గ్రానైటు, అద్దం లాంటి పాలిష్. చిత్తూరు జిల్లాలో ఆ రాయికి కొదవా? జనవరిలో ఒక ఉదయం ప్రారంభోత్సవం జరిగింది, పెద్దలందరూ వాటి మీద కూర్చుని ఫోటో దిగారు. ఏప్రిల్ వచ్చేసరికి వాటి మీద వడియాలు ఎండబెట్టుకోవచ్చు, మనిషి మాత్రం కూర్చోలేడు. పొద్దుగూకినా ఆ రాతిలో వేడి దిగదు.

అదే ఆవరణలో లైబ్రరీ వెనక ఒక కానుగ చెట్టు ఉండేది. పనిలో మిగిలిపోయిన కడప బండలు నాలుగు దాని కింద పడేశాం. ఎప్పుడు చూసినా అక్కడ పదిమంది పిల్లలు ఉండేవారు. ఒకరు చదువుతుంటే ఒకరు నిద్ర, ఇద్దరు తగవు. అందవికారంగా ఉన్నాయి, తీసేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. తీయించేశాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

కాబట్టి ఫౌంటెన్ మాట కాసేపు పక్కన పెట్టండి. మోటారు కాలిపోయిన మర్నాటి నుంచి అది దోమల తొట్టి. నీళ్లంటే నాకు పగ లేదు. కపిలతీర్థం వెళ్లి ఒక సాయంత్రం కూర్చోండి. వానాకాలంలో కొండ మీంచి దూకే నీళ్లను చూడడానికి వస్తారు, నిజమే. ధార సన్నబడ్డ రోజుల్లోనూ జనం ఉంటారు. కూర్చోవడానికి మెట్లున్నాయి, ఎండకూ వానకూ తలదాచుకోవడానికి మండపాలున్నాయి, కోనేటికి అటువైపు ఎవరు ఏం చేస్తున్నారో ఇటునుంచి కనిపిస్తుంది. ఎదుటి మనుషులను చూడడం కన్నా మనకు ఇష్టమైన కాలక్షేపం మరొకటి లేదు. మీ బల్లలన్నీ బహుశా వరుసగా ఒకేవైపు తిరిగి ఉంటాయి, సినిమా హాలులో లాగా. నలుగురు స్నేహితులు ఎలా కూర్చుంటారో ఆలోచించకుండా వేసినవి.

ముందు ఒక వారం నోటుబుక్కు పట్టుకుని తిరగండి. ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 5, రాత్రి 7 గంటలకు ఎవరు ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఆనుకుంటున్నారు, ఎంతమంది అమ్మాయిలు, ఎంతమంది ఒంటరిగా ఉన్నారు రాసుకోండి. 1970లలో న్యూయార్కు నగరంలో విలియం వైట్ అనే ఆయన కెమెరాలు పెట్టి చేసిందీ ఇదే. బాగా నడిచే చోట్ల ఆడవాళ్ల వాటా ఎక్కువగా ఉంటుందని ఆయన గమనించాడు. మీ లెక్కలో అమ్మాయిలు కనిపించని మూల ఉంటే అక్కడ దీపం లేదో, దారి లేదో, మరేదో ఇబ్బంది ఉందో అడిగి తెలుసుకోండి.

నీడ సంగతి కాగితం మీదే తేలుతుంది. మధ్యాహ్నం దాటాక భవనం నీడ తూర్పు వైపు పడుతుంది. సాయంత్రం కూర్చునే చోటు అక్కడే ఉండాలి. గోడ వెంబడి అడుగున్నర ఎత్తు అరుగు కట్టించండి, పాలిష్ లేని రాతితో. విడిగా కట్టేదైతే రెండున్నర అడుగుల వెడల్పు ఉంచితే రెండు వైపులా కూర్చోవచ్చు. మిగిలిన స్థలంలో వేప, కానుగ నాటండి. అవి ఎదిగేసరికి మీరు చదువు ముగించి వెళ్లిపోతారు. ఫరవాలేదు, నాటండి.

ఇక కుర్చీలు. న్యూయార్కు బ్రయంట్ పార్కులో ఒకప్పుడు మాదకద్రవ్యాల బేరగాళ్లదే రాజ్యం. వైట్ సలహాలతో దారులు వెడల్పు చేసి, చాటుగా ఉన్న పొదలు తీసేసి, ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు వేసి 1992లో మళ్లీ తెరిచారు. ఇప్పుడక్కడ జనం కిటకిట. మన దగ్గర ఇది ఎందుకు జరగదో చెబుతాను. దొంగల భయం పైకి చెప్పే మాట. అసలు భయం స్టాకు రిజిస్టరు. కదిలే కుర్చీకి ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, ఏటా లెక్క అప్పజెప్పాలి. నేలలో పాతిన బల్ల మీద ఆడిట్ ఆక్షేపణ రాదు! అందుకే 30 ప్లాస్టిక్ కుర్చీలను విద్యార్థి సంఘం పేరిట తీసుకుని, పోయినవి మీరే కొనిపెడతామని రాసివ్వండి. అధికారులు ఒప్పుకునే దారి అదొక్కటే.

టీ కొట్టును లోపలికి పిలిపించండి. ఒక జాగ్రత్త. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైన నాటి తిరుపతి వేరు, ఇప్పటి ఊరు వేరు. మన క్యాంపస్‌లలో కొన్నింటికి ఒకవైపు ఊరు, మరోవైపు శేషాచలం అడవి. వాటిలోకి చిరుతలు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఎంగిలాకులకు కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. మీదీ అలాంటి చోటైతే కొట్టు ఊరి వైపు ఉండాలి, చెత్త చీకటి పడకముందే వెళ్లిపోవాలి.

ప్రశ్న: నేను ఒక కాలేజీలో సెక్యూరిటీ గార్డును. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి కూర్చుంటే లేపాలని, ఆరు దాటితే అందరినీ పంపేయాలని ఆదేశం. లేపితే పిల్లలు తిడతారు, లేపకపోతే పైవాళ్లు తిడతారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, చిత్తూరు

జవాబు: ఆ ఆదేశం కాగితం మీద ఇవ్వమని వినయంగా అడగండి. నోటిమాటగా వచ్చిన ఆదేశాలు సంతకం అడిగేసరికి సగం మాయమవుతాయి. పనిలో పనిగా వాళ్లు కూర్చునే చోట రెండు దీపాలు అడగండి. వెలుతురులో 40 మంది ఒకచోట ఉంటే మీకు కాపలా సులువు, చీకట్లో ఈల ఊదుకుంటూ తిరగనక్కర్లేదు. మీ కుర్చీ కూడా ఆ దీపాల కిందికే మార్చుకోండి. నెల తిరిగేసరికి వాళ్లే టీ తెచ్చి ఇస్తారు.

ప్రశ్న: క్యాంపస్‌లో ఉదయం నడకకు వచ్చే మాలాంటి బయటివారిని రానివ్వకూడదని కొందరు విద్యార్థులు అంటున్నారు. న్యాయమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: న్యాయం కాదు, నడవండి. తెల్లవారుజామున ఐదున్నరకు ఆ విద్యార్థులు ఎలాగూ లేవరు. ఫోనులో సుప్రభాతం మాత్రం ఊరంతా వినిపించేలా పెట్టకండి. కారు గేటు బయటే ఉంచండి. నడవడానికి వచ్చేవారు లోపలి దాకా కారులో ఎందుకు వస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.