ముంజకాయల బండి పక్కకెందుకు లాగుతుంది?

ప్రశ్న: ముంజలు తిన్నాక మిగిలిన తాటిబుర్రలతో పిల్లలకు బండి కట్టిచ్చాను. ఒకపక్కకే లాగేస్తోంది. మూడోరోజుకి చక్రాలు కూడా ఊడిపోయాయి. ఎక్కడ పొరపాటు జరిగిందండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పక్కకి లాగుతోందంటే బుర్రలు రెండూ ఒక సైజువి కావన్నమాట. ఈ బండికి ఇరుసు, చక్రాలు కలిసే తిరుగుతాయి. చిన్నబుర్ర ఒక చుట్టుకి తక్కువ దూరం పోతుంది, బండి అటే మళ్లుతుంది. కాయలు కొనేటప్పుడే చుట్టూ దారం పెట్టి కొలిచి జత ఎంచుకోండి.

ఇరుసుకి మూరెడు పొడవు, చిటికెనవేలంత లావున్న తిన్నని వేపపుల్ల చాలు. మూడు కళ్లకీ సరిగ్గా నడుమనున్న కండలో ముందు మేకుతో సన్నగా కన్నం చేసి, కొస చెక్కిన పుల్లను బిగువుగా దిగ్గొట్టండి. కన్నం ఒక పక్కకి జరిగితే బండి ఎగిరెగిరి పడుతుంది. పుల్ల బయటికి రెండువేళ్లు రావాలి. పచ్చిబుర్ర ఎండేకొద్దీ కన్నం వదులవుతుంది, మీ చక్రాలు ఊడింది అందుకే. బయటికొచ్చిన కొసలకి గుడ్డపేలిక గట్టిగా చుట్టి కట్టేయండి. ఆట అయ్యాక బండిని ఎండలో వదలకండి.

తోసే పంగలకర్ర పిల్లవాడి రొమ్ము ఎత్తుండాలి. పంగలోపలి బెరడు తీసి కొబ్బరినూనె రాస్తే ఇరుసు సాఫీగా తిరుగుతుంది. పైకొసను మాత్రం తప్పకుండా గుండ్రంగా అరగదీసి గుడ్డ చుట్టండి. రాయి తగిలి బండి ఆగితే ఆ కొస నేరుగా పొట్టలో పొడుచుకుంటుంది.

ప్రశ్న: అగ్గిపెట్టెల ఫోన్‌లో మాట వినపడడం లేదు.
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: దారం వదులుగా ఉన్నా, తలుపుకో గోడమూలకో తగిలినా మాట అక్కడే ఆగిపోతుంది. పదడుగుల గట్టి నూలుదారం తీసుకుని, అగ్గిపెట్టె లోపల సగం పుల్లకి ముడేసి, బిగలాగి పట్టుకుని మాట్లాడమనండి.

ప్రశ్న: ఏడాది పాపకి గుడ్డబొమ్మ కుడుతున్నాను. కళ్లకి గుండీలు పెట్టవచ్చా? మెడ వాలిపోకుండా ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: గుండీలు వద్దమ్మా. ఆ వయసులో ప్రతిదీ నోట్లోకే పోతుంది, ఊడిన గుండీ గొంతుకి అడ్డం పడుతుంది. నల్లదారంతో కళ్లు కుట్టేయండి. పాతపరుపు దూదిలో దుమ్ము ఉంటుంది కనుక ఉతికి ఆరేసిన బనీను ముక్కలు కూరండి. ఒక గుడ్డముక్కను గట్టి చుట్టలా చుట్టి, మెడ దగ్గర సగం తలలోకి, సగం ఒంట్లోకి వచ్చేలా దూర్చి కుడితే తల నిలబడుతుంది.