ఏడీహెచ్‌డీతో బాలింత నెలలు: నాకు ఎలా గడిచాయంటే

మీకు ఇప్పుడు ఆరో నెల గర్భమనీ, ఏడీహెచ్‌డీ (మనసు ఒకచోట నిలవకపోవడం, మతిమరుపు, పనులు సాగకపోవడం ఉండే మెదడు సమస్య) మందు ఆపాక ఏ పనీ ముందుకు సాగడం లేదనీ, కాన్పు తర్వాత డిప్రెషన్ వస్తుందేమోనని భయంగా ఉందనీ రాశారు. నేను డాక్టర్ని కాను. నాకు ఏడీహెచ్‌డీ ఉందని తేలిందే పాపకి ఎనిమిదో నెల వచ్చాక. అంతవరకూ దాని పేరు తెలియకుండానే అవస్థ పడ్డాను. మీకు ముందే తెలుసు కాబట్టి నాకంటే చాలా నయం.

కడుపుతో ఉన్నప్పుడు మతిమరుపు ఎక్కువైతే "మామూలేలే" అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. స్కానింగ్‌కి ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి, ఫైలు ఇంట్లోనే ఉందని గుర్తొచ్చి వెనక్కి వచ్చిన రోజు కూడా నవ్వుకున్నాం.

కాన్పయ్యాక నవ్వు రాలేదు. కడుపుతో ఉన్నప్పుడు బాగా పెరిగిన ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కాన్పైన కొద్ది రోజుల్లోనే ఒక్కసారిగా పడిపోతుంది. మెదడులో శ్రద్ధకీ, పని మీద ఆసక్తికీ తోడ్పడే డోపమైన్ అనే రసాయనం పనితీరుకి ఈ ఈస్ట్రోజెన్‌తో సంబంధం ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి అసలే ఇబ్బంది అక్కడ. పైగా నిద్ర ఉండదు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేను తల్లిగా పనికిరానని తీర్మానించేసుకున్నాను.

ఒక రాత్రి పాప విటమిన్ డి చుక్కల సీసా చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. వేశానా, వేయలేదా? మూత దగ్గర తడిగా ఉంది. అంటే ఇప్పుడే వేసినట్టా, లేక నిన్నటి తడా? మా ఆయన్ని లేపి అడిగితే "నాకేం తెలుసు, నువ్వే కదా వేసేది" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. కానీ నేను కింద కూర్చుని గంటసేపు ఏడ్చాను. కన్నబిడ్డకి మందు వేసిందీ లేనిదీ గుర్తులేని తల్లి ఉంటుందా అని. మతిమరుపు కంటే, దాన్ని ప్రేమ లేకపోవడంగా లెక్కేసుకోవడమే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఇంకో సంగతి. నాకు డిప్రెషన్ అంటే దిగులుగా రాలేదు, కోపంగా వచ్చింది. టీవీ, ఫోన్ రింగు, పాప ఏడుపు ఒకేసారి వినబడితే ఒళ్లు మండిపోయేది. పాపని మంచం మీద భద్రంగా పడుకోబెట్టి, మా ఆయన్ని పిలిచి, బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో నిలబడేదాన్ని. డాక్టరమ్మ "దిగులుగా ఉంటోందా?" అని అడిగితే నిజాయితీగానే లేదన్నాను. కాన్పు డిప్రెషన్ ఉందేమో పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నపత్రం కూడా నింపించారు. పది ప్రశ్నలుంటాయి, గడిచిన 7 రోజులు ఎలా ఉన్నారో చెప్పాలి. నాకు నిన్నటి సంగతే గుర్తుండదు, 7 రోజులా! ఆ పొద్దున పాప బాగా నిద్రపోయింది కాబట్టి వారమంతా బాగున్నట్టే టిక్కులు పెట్టి వచ్చాను. మీరు అలా చేయకండి. రోజుకో ముక్క ఫోన్‌లో రాసుకోండి, లేదా మిమ్మల్ని రోజూ చూసే మనిషిని వెంట తీసుకెళ్లండి. మా ఆయన నోరు విప్పాకే నా పరిస్థితి డాక్టరుకి అర్థమైంది.

మీ భయం ఉత్తదేమీ కాదు. స్వీడన్‌లో లక్షల మంది తల్లుల రికార్డులు చూసి 2023లో వెలువరించిన అధ్యయనంలో, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో కాన్పు తర్వాత డిప్రెషన్, యాంగ్జైటీ (అతి ఆందోళన) నిర్ధారణలు మిగతావాళ్ల కంటే దాదాపు 5 రెట్లు కనిపించాయి. అయినా అందరికీ వస్తుందని కాదు. ముందే చెప్పి పెట్టుకుంటే కాన్పు తర్వాత మిమ్మల్ని గమనిస్తూ ఉంటారు.

మందు మీరే ఆపేశారా, డాక్టర్ ఆపమన్నారా అన్నది రాయలేదు. మీరే ఆపేసి ఉంటే సైకియాట్రిస్టుకీ కాన్పు చూసే డాక్టరుకీ ఇద్దరికీ చెప్పండి. కొందరికి ఆపిస్తారు, కొందరికి బీపీ, ఆకలి, బరువు గమనిస్తూ కొనసాగిస్తారు. ఏ మందు, ఎంత అవసరం అన్నదాన్ని బట్టి ఉంటుంది. మందు లేక పనులు కుంటుపడి మనసు పాడవడం కూడా ఆ లెక్కలోకి రావాల్సిందే. బిడ్డకి పాలిచ్చేటప్పుడు సంగతేంటో కూడా ఇప్పుడే అడిగేయండి.

నాకు పనికొచ్చినవి చాలా చిన్నవి. పాలు పట్టిన టైము రాసుకోవడానికి మూడు యాప్‌లు వేసుకున్నాను, ఏదీ నాలుగు రోజులు దాటలేదు. సీసా పద్ధతి మాత్రం నిలిచింది: చుక్కలు వేయగానే సీసా కిటికీ పక్క నుంచి ఫ్రిజ్ మీదకి మారుతుంది, రాత్రి పడుకునే ముందు మా ఆయన దాన్ని మళ్లీ కిటికీ దగ్గర పెడతాడు. గుర్తుంచుకోవాల్సిన పని లేదు, చూస్తే చాలు. రెండోది నిద్ర. రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా పాప బాధ్యత ఆయనది, నేను వేరే గదిలో. ఆ ఐదు గంటలు ఏకధాటిగా పడుకున్న మొదటి వారంలోనే కోపం సగం దిగింది. మిగతా సగానికి డిప్రెషన్ మందు, కౌన్సెలింగ్ అవసరమయ్యాయి.

కాన్పైన మొదటి రోజుల్లో ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం "నా ఏడీహెచ్‌డీయేలే" అని సర్దుకోకండి, డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలనో బిడ్డని ఏదో చేయాలనో ఆలోచన వచ్చినా, లేనివి కనబడినా వినబడినా, నిద్రే అక్కర్లేనట్టు హుషారుగా తిరుగుతున్నా గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఈ ముక్క మీ ఇంట్లోవాళ్లకి ఇప్పుడే చెప్పి ఉంచండి, ఆ సమయంలో మనకి తెలియకపోవచ్చు.

సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. అలారం మీ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే కాదు, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి.