ముందు చేతులు చూడు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పాత ఫొటోల్లో అల్లికలు, కుట్లు చేస్తూ కనిపించే ఆడవాళ్ల గురించి రాయాలనిపించడమే నాకు బాగా నచ్చింది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల ఫొటో కింద "ప్రశాంతంగా అల్లుకుంటున్న పల్లె పడుచు" అని రాశావు చూడు, అక్కడ మాత్రం ఆగిపోయాను.

ఆ ఫొటో మళ్లీ తెరువు. ఆమె వీపు మీద పెద్ద బుట్ట ఉంది. దాన్నిండా పొయ్యిలోకి ఎండబెట్టిన పీట్ గడ్డలు, అంటే చిత్తడి నేలలోంచి తవ్వి వంటచెరకులా వాడే మట్టి. బరువుకి నడుము ముందుకు వంగింది. అయినా చేతుల్లో సూదులున్నాయి. మోత మోస్తూ నడిచే దారిలో కూడా అల్లుకుంటే తప్ప ఇల్లు గడవని మనిషి ఆమె. పోనీ అల్లినదానికి డబ్బు వచ్చేదా అంటే, చాలామందికి వ్యాపారులు టీ, బట్టలు అంటగట్టి సరిపెట్టేవాళ్లు. 1872లో ప్రభుత్వ కమిషన్ వచ్చి విచారించిందంటే ఆ గోడు ఎంతో ఊహించుకో. ఇదంతా తెలిశాక "ప్రశాంతంగా" అనే మాట రాయడానికి నీకే చెయ్యి రాదు.

దాని పక్కనే, స్టూడియోలో ఎంబ్రాయిడరీ పట్టుకుని కూర్చున్న దొరసాని ఫొటో పెట్టుకో. అదే సూది, అదే దారం. కానీ ఆమెకి అది మర్యాదస్తుల ఇంటి పిల్ల అని చెప్పుకునే గుర్తు. ఇంకో సంగతి. తొలినాటి కెమెరాల ముందు కొన్ని సెకన్లు కదలకూడదు, కదిలితే చేతులు మసకబారిపోతాయి. కాబట్టి అప్పటి ఫొటోల్లో మనం చూసే అల్లిక చాలావరకు ఆపి పట్టుకున్నదే. ఎవరు ఆపమన్నారు? ఫొటోకి డబ్బెవరిచ్చారు? అది ఎవరి ఆల్బమ్‌లోకి చేరింది? ఒక్కో ఫొటో దగ్గరా ఇవి అడుగు.

నువ్వు రాసిన సోజర్నర్ ట్రూత్ ఫొటో సరిగ్గా చూశావా? అమెరికాలో బానిసగా పుట్టి, బయటపడి, సభల్లో బానిసత్వాన్ని ఎదిరించిన మనిషి. 1864లో తీయించుకున్న ఫొటోలో తెల్ల శాలువా, కళ్లజోడు, చేతిలో అల్లిక, ఒళ్లోకి జారిన ఊలు దారం. వెట్టిచాకిరీ చేసిన మనిషి, ఇంటి ఇల్లాలి గుర్తును చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆ ఫొటో కార్డులు తనే అమ్ముకుంది. "అసలును పోషించడానికి నీడను అమ్ముతున్నాను" అని కింద అచ్చు వేయించింది. నీడంటే ఫొటో, అసలంటే తను. నాకు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

ట్రూత్ మీద జాలి చూపించే వాక్యాలు తీసెయ్. షెట్లాండ్ ఆవిడ దగ్గర పేరా మొత్తం తిరగరాయి, బుట్ట బరువు నుంచి మొదలుపెట్టు. వచ్చే వారానికల్లా పంపితే కూర్చుని చూస్తాను.

ప్రేమతో,
మీ అక్క