గ్రంథాలయ ఫిల్మ్ క్లబ్‌లో పాత సినిమాను ఉచితంగా ప్రదర్శించడానికి అనుమతి కావాలా?

కాపీరైట్ గడువు ముగియని సినిమా అయితే, ప్రవేశం ఉచితమే అయినా, హక్కుదారుల అనుమతి తీసుకోవలసిందే. డీవీడీ కొన్నవారికి దక్కేది ఆ ప్రతి మాత్రమే. దాన్ని బహిరంగంగా ప్రదర్శించే హక్కు నిర్మాత వద్దో, ఆయన నుంచి ఆ హక్కు పొందినవారి వద్దో ఉంటుంది.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమా విడుదలైన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్ల పాటు ఈ రక్షణ వర్తిస్తుంది. ఉదాహరణకు, హైదరాబాద్‌లోని చిక్కడపల్లి గ్రంథాలయం వంటి చోట ప్రభుత్వ కార్యాలయాల తీరుపై చర్చ కోసం 1983 నాటి హిందీ చిత్రం 'జానే భీ దో యారో' వేయాలనుకుంటే, దాని గడువు 2043 డిసెంబరు దాకా ఉంది. మురుగుగుంట మీద అర్జీ పట్టుకుని ఆడవాళ్లు ఒక విభాగం నుంచి మరో విభాగానికి తిరిగే 1952 నాటి జపాన్ చిత్రం 'ఇకిరు' విషయంలో సినిమాపై 60 ఏళ్లు నిండాయి గానీ, తర్వాత రాసిన సబ్‌టైటిళ్లపై వేరే హక్కులు ఉండవచ్చు.

డబ్బు వసూలు చేయని క్లబ్బులకు చట్టమే మినహాయింపు ఇచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మినహాయింపు ఔత్సాహిక సంఘాలు స్వయంగా ప్రదర్శించే నాటకాలకు, సాహిత్య, సంగీత రచనలకే తప్ప సినిమాలకు కాదు. ఇంటి వద్ద చూసి వచ్చిన సినిమాపై చర్చించుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.