కీహోల్ సర్జరీ చేయించినా గుర్రం కుంటుతోంది, డాక్టరుపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి రైడింగ్ పోటీలకు వాడే ఆడగుర్రానికి ముందు కాలిలో, ఫెట్‌లాక్ కీలు (గిట్టకు కాస్త పైన ఉండే కీలు) వెనక వాపు వచ్చింది. డాక్టరు స్కానింగ్ చూసి, అక్కడ టెండన్ల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) మీదుగా పట్టీలా ఉండే యాన్యులర్ లిగమెంట్ బిగుసుకుపోయిందని, కెమెరా పెట్టి చిన్న గాటుతో దాన్ని కోసి వదులు చేస్తే చాలని చెప్పారు. ఆపరేషన్ జరిగి ఏడు నెలలైనా కుంటు తగ్గలేదు. ఇంకో డాక్టరు చూసి, లోపల టెండన్ ముందే చీలి ఉంటుందన్నారు. మొదటి డాక్టరు ఆ మాటే ఎత్తలేదు. డిశ్చార్జి కాగితంలో 'లిగమెంట్ కోశాం, షీత్ (టెండన్ చుట్టూ ఉండే తొడుగు) కడిగాం' అని మాత్రమే ఉంది. కన్స్యూమర్ కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. కానీ 'ఆపరేషన్ చేసినా తగ్గలేదు' అన్న ఒక్క కారణం మీద వేస్తే నిలవదు. అదే పని చేసే సాధారణ నైపుణ్యం ఉన్న డాక్టరు తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కొలబద్ద అని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. అది మనుషుల వైద్యం గురించిన తీర్పే అయినా, పశువైద్యుల విషయంలోనూ వాదన దాని చుట్టూనే తిరుగుతుంది.

స్కానింగ్‌లో చీలిక పట్టుకోలేదన్నది మీ ప్రధాన ఆరోపణ చేసుకోకండి. కాలి వెనక లోతుగా ఉండే డీప్ ఫ్లెక్సర్ టెండన్ అంచున నిలువునా వచ్చే చీలికలు అల్ట్రాసౌండ్‌కి చాలాసార్లు అందవు. ఆ ఒక్క మాటతో అవతలి లాయరు మీ కేసు కొట్టేస్తారు. అసలు విషయం ఆపరేషన్ బల్ల మీద ఉంది. షీత్‌లోకి కెమెరా వెళ్లాక టెండన్ అంచులు స్క్రీన్ మీద కనిపిస్తాయి. చీలిక ఉంటే పీచుల్లా వేలాడే భాగాన్ని కత్తిరించి శుభ్రం చేయడం మామూలుగా చేసేదే. అప్పుడు కూడా పూర్వంలా దూకించే అవకాశం తగ్గుతుంది, ఆ మాట యజమానికి చెప్పాలి. కాబట్టి అడగాల్సింది ఇది: కెమెరాతో టెండన్ మొత్తం చూశారా? చూస్తే ఏం కనిపించింది? కనిపిస్తే ఎందుకు రాయలేదు, ఎందుకు చెప్పలేదు?

దీనికి జవాబు ఆపరేషన్ వీడియోలో, ఫొటోల్లో దొరుకుతుంది. వీడియోతో పాటు ఆపరేషన్ నోట్సు, మొదటి స్కాన్ ఇమేజీలు, మీరు సంతకం చేసిన సమ్మతి పత్రం కావాలని ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. ఫోన్లో అడిగితే ఆధారం మిగలదు. ఇవన్నీ చేతికొచ్చాక, గుర్రాల సర్జరీ తెలిసిన మూడో డాక్టరుతో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. రెండో డాక్టరు నోటిమాటగా అన్న 'చీలి ఉంటుంది' కోర్టులో పనికిరాదు.

సమ్మతి పత్రాన్ని జాగ్రత్తగా చదవండి. వైద్యంలోని రిస్కు, ప్రత్యామ్నాయాలు తగినంతగా చెప్పాకే సమ్మతి చెల్లుతుందని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గుర్రం తరఫున సంతకం పెట్టేది యజమానే కనుక ఆ సూత్రాన్ని మనం గట్టిగానే వాడుకోవచ్చు.

ఇప్పుడు మీ వైపు. ఈ ఆపరేషన్ తర్వాత కొట్టంలోనే విశ్రాంతి, లోపల అతుకులు పడకుండా చేత్తో పట్టుకుని నడిపించడం, ఆ నడకను మెల్లగా పెంచడం ఎంత ముఖ్యమో మీకు చెప్పే ఉంటారు. ఎవరైనా ముందే స్వారీ చేశారా? చేస్తే నాకు దాచకుండా చెప్పండి, అవతలివాళ్లు మొదట అడిగేది అదే. రోజూ నడిపించినట్టు రాసుకున్న డైరీ, వాట్సాప్ మెసేజీలు ఉంటే భద్రపరచండి.

ఇంకో చిక్కు ఉంది. గుర్రాన్ని ఫీజు తీసుకుని శిక్షణకు ఇస్తుంటే 'వాణిజ్య ప్రయోజనం' అన్న అభ్యంతరం వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అలాంటి సేవ పొందినవారు వినియోగదారు కారు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమైతే మినహాయింపు ఉంది. కేవలం మీ అమ్మాయి వాడకానికే అయితే ఈ టెన్షన్ లేదు. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రి అయితే మాత్రం ఈ చట్టం వర్తించదు.

పోలీసు ఫిర్యాదు వద్దు. జంతువుకు కావాలని హాని చేస్తే అది నేరం, ఇక్కడ అలాంటిది లేదు. ప్రవర్తన లోపం కనిపిస్తే రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌కు విడిగా రాయొచ్చు, కానీ అక్కడ పరిహారం రాదు.

చీలిక దాచారని రుజువైనా గుర్రం పూర్తి విలువ వస్తుందని నేను చెప్పను. చీలిక సంగతి ముందే చెప్పి ఉన్నా గుర్రం పూర్తిగా కోలుకునేదని ఎవరూ హామీ ఇవ్వలేరు కదా. ఆపరేషన్ ఖర్చు, తర్వాతి వైద్యం, మీ మనోవేదన అడగడం న్యాయం. ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. దాన్ని ఆపరేషన్ రోజు నుంచే లెక్కపెట్టుకోండి. కాగితాలు అందగానే తీసుకురండి, ముందు లీగల్ నోటీసు పంపుదాం.