డబ్బు పడేది అక్క ఖాతాలోనే, మెసేజ్ వెళ్ళేది బావ ఫోన్‌కి

మీ బావ కొట్టడు, తిట్టడు, కానీ మీ అక్క జీతం, బడికెళ్ళే పిల్లల కోసం ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బు మొత్తం తనే తీసేసుకుంటాడు, దీన్ని వేధింపు అనొచ్చా అని అడిగారు. అనొచ్చు. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్‌లో ఆర్థిక వేధింపు అని విడిగా రాసే ఉంది. ఆ సంగతి నాకు తెలియడానికి పెళ్ళయ్యాక తొమ్మిదేళ్ళు పట్టింది.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నా ఏటీఎం కార్డు మా ఆయన పర్సులో ఉండేది. రోజూ పొద్దున షేర్ ఆటోకని ఇరవై రూపాయలు టీవీ పక్కన పెట్టేవాడు. ఒకరోజు ఆటో దొరక్క నడిచొచ్చాను. మిగిలిన పది ఏదని రాత్రి అన్నం దగ్గర అడిగాడు.

స్కూల్లోనూ అంతే. నేను చెప్పే క్లాసులే చెప్పే సారుకి నాకంటే రెండున్నర వేలు ఎక్కువ. అడిగితే "ఆయనకి సంసారం ఉందమ్మా" అన్నారు. నాకు లేనట్టు! ఆడా మగా తేడా లేకుండా ఒకే పనికి ఒకే జీతం అనే చట్టం 1976లోనే వచ్చింది, ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది. ఉపాధి హామీ పనిలో రేటు ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరైనా నిలదీయగలరు. మా జీతాల రిజిస్టర్ మాత్రం ఎవరం చూసింది లేదు.

2020 జనవరిలో, అప్పట్లో ఇలాంటి పథకమే అయిన అమ్మ ఒడి మొదటి 15,000 నా ఖాతాలో పడింది. సాయంత్రానికి ఖాళీ. బండికి కొత్త టైర్లొచ్చాయి, మావాడు ఆ ఏడంతా అడుగు ఊడిన బూట్లతోనే బడికెళ్ళాడు. తల్లి పేరున వేస్తే పిల్లలకి చేరుతుందన్న ఆలోచన మంచిదే. కానీ ఖాతాకి ఎవరి ఫోన్ నంబరు ఉందో ఎవరూ అడగరు.

అక్కని ఆధార్‌తో వేరే బ్యాంకులో ఖాతా తెరవమనండి. ఎన్‌పీసీఐ లింక్, అంటే ఆధార్‌కి ఏ బ్యాంకు ఖాతా జోడించి ఉందన్నది, దానికి మార్పించాలి, పథకాల డబ్బు లింక్ ఉన్న ఖాతాకే వెళుతుంది. జీతం ఆ ఖాతాకి మార్చడానికి ఆఫీసులో ఒక అర్జీ చాలు. నేను పుట్టింటికెళ్ళిన నాలుగు రోజుల్లో ఇవన్నీ చేశాను. తర్వాత ఇంట్లో పెద్ద గొడవే అయింది, దాచను. అందుకే బంగారం, సర్టిఫికెట్లు ముందే మీ ఇంట్లో పెట్టించండి.

గొడవ ముదిరితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింస ఎదుర్కొనే ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రానికి పంపిస్తారు. నేను కోర్టు దాకా వెళ్ళలేదు. సఖి కేంద్రంలో కౌన్సెలింగ్‌కి రెండోసారి పిలిచాక మా ఆయన వచ్చాడు. కోర్టుకెళ్తే, ఇవ్వమన్న డబ్బు భర్త ఇవ్వకపోతే అతని జీతంలో కొంత నేరుగా భార్యకే ఇమ్మని అతని యజమానిని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చు. అది గృహహింస చట్టం 20వ సెక్షన్.

అక్క ఫోన్ కూడా మీ బావే చూస్తుంటే కొత్త ఖాతాకి కొన్నాళ్ళు మీ అమ్మగారి నంబరు ఇవ్వండి. నేను మా అమ్మదే ఇచ్చాను. ఆవిడకి చదవడం రాదు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా పక్కింటి పిల్లాడితో చదివించుకుని నాకు చెప్పేది. సగం కంపెనీ మెసేజులే అనుకోండి.